కమాండ్ అండ్ కాంకర్ జనరల్స్: 2003లో ఊహించిన రేపటి యుద్ధం ఇప్పుడెలా కనిపిస్తోంది?

నిశాచరుడు

కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో కమాండ్ అండ్ కాంకర్ జనరల్స్ అనే యుద్ధవ్యూహం ఆటనీ, దాని అదనపు భాగం జీరో అవర్‌నీ మళ్లీ దించుకున్నాను. ఆట వచ్చింది 2003 ఫిబ్రవరిలో. కథ మాత్రం అప్పటికి ఓ ఇరవై ఏళ్లు ముందుకు జరిపి పెట్టారు. ఆ గడువు ఇప్పుడు వచ్చేసింది కాబట్టి ఈసారి గెలుపోటములు పక్కన పెట్టి, వాళ్ల ఊహల్లో ఏది నిలబడింది, ఏది తుస్సుమంది అని చూస్తూ ఆడాను.

ముందు దొరికింది కొమాంచీ హెలికాప్టర్. అమెరికా వైపు ఆడేవాళ్లకి అది కుడిచెయ్యి. ఆట విడుదలయ్యే నాటికి అది నిజంగానే సైన్యంలోకి రాబోతోందని అందరి నమ్మకం. ఏడాది తిరిగేసరికి, 2004 ఫిబ్రవరిలో, అమెరికా ఆ ప్రాజెక్టునే రద్దు చేసింది. ఎగిరినవి రెండు నమూనాలే. స్టెల్త్ ఫైటర్ అని పెట్టిన ఎఫ్-117 కూడా 2008లో రిటైరైపోయింది. అరోరా బాంబర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది పుకార్లలో తప్ప ఎక్కడా ఎగరలేదు.

అదే ఆటలో అమెరికా, చైనాలతో తలపడే ఉగ్రవాద పక్షం జీఎల్‌ఏ వైపు చూడండి. వెనక మిషన్‌గన్ బిగించిన పికప్ బండి, భుజం మీద ఆర్‌పీజీ రాకెట్ లాంచర్. అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఖరీదైన సరుకంతా మ్యూజియానికి పోయి చవక సరుకు మిగిలిందా అనిపించింది. మీరేమంటారు?

ట్యాంకుల తాత

అప్పుడే తీర్పు ఇచ్చేయకండి నిశాచరుడు గారూ. ఆటలో అమెరికా వాడే టోమాహాక్ క్రూయిజ్ క్షిపణి బండిని మర్చిపోయారు. 2003లో అలాంటి బండి అమెరికా దగ్గర లేదు, ఉండకూడదు కూడా. 1987లో సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఐఎన్‌ఎఫ్ ఒప్పందం ప్రకారం 500 నుంచి 5,500 కిలోమీటర్ల మధ్య వెళ్లే క్షిపణుల్ని నేల మీంచి ప్రయోగించడం నిషేధం. అంతకుముందు ఉన్న నేల టోమాహాక్‌లను ఆ ఒప్పందంతోనే తీసేశారు. 2019 ఆగస్టు 2న అమెరికా ఒప్పందం నుంచి బయటికొచ్చింది. అదే నెల 18న నేల మీంచి ఒకటి పేల్చి చూసింది. ఇప్పుడు టైఫాన్ అని ట్రైలర్ మీద మోసుకుపోయే లాంచర్ ఉంది. ఆటలో మనం వార్ ఫ్యాక్టరీలోంచి దింపే బండికి అది దగ్గరి చుట్టమే.

జీరో అవర్‌లో ఫ్యూయల్ ఎయిర్ బాంబును మోయాబ్ అనే భారీ బాంబుగా మార్చుకునే అప్‌గ్రేడ్ ఉంది కదా. అసలు మోయాబ్‌ను మొదటిసారి పరీక్షించింది 2003 మార్చిలో, జీరో అవర్ వచ్చింది సెప్టెంబరులో. అంటే వార్తల్లో చూసి వెంటనే ఆటలో పెట్టేశారు. యుద్ధంలో దాన్ని నిజంగా వేసింది 2017 ఏప్రిల్‌లో, అఫ్గానిస్తాన్‌లో.

సొరంగం సుబ్బు

మీరిద్దరూ ఆయుధాల లిస్టు పట్టుకుని టిక్కులు పెడుతున్నారు. అసలు చూడాల్సింది అది కాదు బాసూ. కరెంటు చూడండి.

అమెరికాకి కోల్డ్ ఫ్యూజన్ రియాక్టర్ కావాలి. చైనాకి అణు రియాక్టర్ కావాలి. ఆ రియాక్టర్లు పడగొడితే అమెరికా పేట్రియాట్ క్షిపణి లాంచర్లు తల దించేస్తాయి, చైనా గ్యాట్లింగ్ తుపాకులు ఆగిపోతాయి, రాడార్ పోయి మ్యాప్ మూల నల్లబడిపోతుంది. జీఎల్‌ఏకి అసలు పవర్ ప్లాంటే లేదు! విమానాల్ని కూల్చే మా స్టింగర్ సైట్ నిద్రపోదు. మాకు విమానాలు లేవు, వాటికి ఎయిర్‌ఫీల్డు ఖర్చూ లేదు. మీ ట్యాంకు పేలితే ఆ తుక్కు ఏరుకుని మా టెక్నికల్ (మిషన్‌గన్ పికప్) బండికి పెద్ద తుపాకీ బిగించుకుంటాం. మీ బండితోనే మా బండి బలపడుతుంది.

ఆటలో లెక్క వేసి చూడండి. అమెరికా ప్యాలాడిన్ ట్యాంకు ఒకటి 1,100 డాలర్లు. ఒక ఆర్‌పీజీ ట్రూపర్ 300. ముగ్గురిని తీసుకున్నా 900. ఆ ముగ్గురు సొరంగంలోంచి బయటికొచ్చి, కొట్టి, మళ్లీ లోపలికి దూరితే ప్యాలాడిన్ ఎవరిని కాల్చాలో తెలియక అటూ ఇటూ తల తిప్పుకుంటుంది. 2003లో ఊహించిన వాటిలో నూటికి నూరు పాళ్లు నిజమైంది ఏదంటే నేను ఈ లెక్కనే చూపిస్తాను.

కొత్త బంటు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను ఈ ఆటకి కొత్త. సుబ్బు అన్న చెప్పిన పద్ధతిలోనే రోజూ చస్తున్నాను. అమెరికా తీసుకుంటాను, మొదటి పది నిమిషాలు బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత ఎక్కడి నుంచో ఆర్‌పీజీలు మొదలవుతాయి. నేను ప్యాలాడిన్లు దింపుతాను, అవి తగలబడతాయి. ఇంకా దింపుతాను. అవీ తగలబడతాయి. మినీమ్యాప్ ఎర్రగా మెరిస్తే చాలు టెన్షన్ వచ్చేస్తోంది. ఏం చేయాలి?

రేంజర్ రాణి

@కొత్త బంటు, ముందు ప్యాలాడిన్లు ఆపండి. దాన్ని తెరవడానికే, కొత్త యూనిట్లు తెరుచుకోవడానికి వాడే జనరల్ పాయింట్ ఒకటి పోతోంది, పైగా అది నెమ్మది. జీఎల్‌ఏ మీద మీకు ఉన్న బలం హమ్వీ అనే జీపు. అందులో ఐదుగురు పడతారు, లోపల కూర్చునే కాలుస్తారు, బండి కదులుతున్నా కాలుస్తారు. ముగ్గురు మిసైల్ డిఫెండర్లు, ఇద్దరు రేంజర్లను ఎక్కించండి. అలాంటివి ఓ నాలుగు కలిపి తిప్పండి. జీఎల్‌ఏ స్కార్పియన్ ట్యాంకు ఎదురైతే మిసైళ్లు చూసుకుంటాయి, కాలిబంట్లు ఎదురైతే హమ్వీ మిషన్‌గన్, రేంజర్లు చూసుకుంటారు. ఆర్‌పీజీ గుంపు కనబడితే ఎదురెళ్లి నిలబడొద్దు. వెనక్కి జరుగుతూ కాల్చండి. వాళ్లు నడవాలి, మీరు దొర్లుతారు.

ఒక్క హమ్వీకైనా స్కౌట్ డ్రోన్ తప్పనిసరి. దాక్కున్న వాళ్లనీ, దాచిపెట్టిన బాంబులైన డెమో ట్రాప్‌లనీ అది పట్టిస్తుంది. డ్రోన్ లేకుండా దారి ఖాళీగా ఉందనుకుని నాలుగు బండ్లనీ ఒకే ట్రాప్ మీదికి తోలేవాళ్లని చాలామందిని చూశాను.

ఇళ్లలో జీఎల్‌ఏ కాలిబంట్లు రెబెల్స్ దూరితే బయట నిలబడి గోడలు కొట్టుకుంటూ కూర్చోకండి. బ్యారక్స్‌లో ఫ్లాష్‌బ్యాంగ్ గ్రెనేడ్ అప్‌గ్రేడ్ చేసి రేంజర్లను పంపితే లోపలివాళ్లు ఖాళీ అవుతారు, బిల్డింగ్ మీదవుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. జీఎల్‌ఏ బిల్డింగ్ కూలగానే పని అయిపోయిందనుకుని ముందుకెళ్తున్నారా? కూలిన చోట ఒక గుంత మిగులుతుంది. దాన్నీ కొట్టాలి. లేకపోతే అందులోంచి ఒక వర్కర్ బయటికొచ్చి, పైసా ఖర్చు లేకుండా అదే బిల్డింగ్ మళ్లీ లేపేస్తాడు. మీరు అవతలి మూలకి చేరేసరికి వెనకాల అంతా మళ్లీ మొలిచి ఉంటుంది.

జీఎల్‌ఏ స్నైపర్ జార్మెన్ కెల్ దిగాడని అనుమానం వస్తే మాత్రం బండ్లను విడదీయండి. వాడు దూరం నుంచి డ్రైవర్‌ని లేపేస్తే బండి ఖాళీగా నిలబడిపోతుంది, ముందు ఎవరు ఎక్కితే వాళ్లది.

ట్యాంకుల తాత

రాణి గారి సలహా గెలవడానికి సరైనదే. కానీ ప్యాలాడిన్‌ను అలా తీసిపారేస్తే ఊరుకోను. దాని మీదున్న పాయింట్ డిఫెన్స్ లేజర్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. కెమెరా కిందికి దించి, ఒక్క ప్యాలాడిన్ ముందు ముగ్గురు ఆర్‌పీజీ వాళ్లను నిలబెట్టి చూడండి. మొదటి రాకెట్ వస్తుంది, ఎర్రటి గీత ఒకటి మెరుస్తుంది, రాకెట్ గాల్లోనే పోతుంది. లేజర్ మళ్లీ సిద్ధమయ్యే లోపు రెండోది, మూడోది వచ్చి తగులుతాయి. అదే మూడు ప్యాలాడిన్లు పక్కపక్కన ఉంటే ఒకదాని మీదికి వచ్చే రాకెట్‌ను ఇంకోటి కాలుస్తుంది. కొత్త బంటు ఒక్కోటి ఒక్కోటి దింపుతున్నాడు, అందుకే తగలబడుతున్నాయి.

అసలు విశేషం ఏంటంటే ఇది నిజంగా వచ్చింది. ఇజ్రాయెల్ మెర్కావా ట్యాంకుల మీద ట్రోఫీ వ్యవస్థ 2011లో గాజా సరిహద్దులో మొదటిసారి యుద్ధంలో పనిచేసింది. లేజర్ కాదు, చిన్న చిన్న గుళ్లు చిమ్మి రాకెట్‌ను ఆపుతుంది. లేజర్ల విషయానికొస్తే అమెరికా నేవీ 2014లో పాన్స్ అనే ఓడ మీద ఒకటి బిగించింది. ఏ రక్షణకైనా తలనొప్పి మాత్రం ఆటలో ఉన్నదే. ఒకటి వస్తే ఆపుతుంది, ఒకేసారి ఎక్కువ వస్తే మిగిలినవి తగులుతాయి.

సొరంగం సుబ్బు

తాతగారూ, మీరు నా మాటే పెద్ద ట్యాంకు ఎక్కి చెప్పారు 😄

చక్రవ్యూహం

ఇదంతా చదువుతుంటే ఆట తీసినవాళ్లకి జ్యోతిషం వచ్చేమో అనిపించేలా ఉంది. ఆట పుట్టిన సమయం చూడండి. 2001 సెప్టెంబరు తర్వాత, ఇరాక్ యుద్ధానికి నెల ముందు వచ్చింది. టీవీలో ఏం కనిపిస్తే అదే తీసుకుని కాస్త రంగు పూశారు. చైనా కథ మొదటి మిషన్‌లోనే బీజింగ్ నడిబొడ్డున కవాతు చేస్తున్న సైన్యం మీద అణుబాంబు పేలుతుంది. తర్వాత మనమే త్రీ గోర్జెస్ ఆనకట్టను బద్దలుకొట్టి శత్రువును వరదలో ముంచాలి. చైనాలో ఈ ఆటను నిషేధించారంటే ఆశ్చర్యం ఏముంది? జర్మనీలో 2003లోనే ఆంక్షల జాబితాలో పెట్టారు. తర్వాత అక్కడ వేరే వెర్షన్ తెచ్చారు. అందులో మనుషులు ఉండరు, అందరూ సైబోర్గులే. ఆత్మాహుతి బాంబర్ బదులు చక్రాల మీద దొర్లుకుంటూ పోయే బాంబు!

ఇక తప్పిన ఊహల సంగతి. ఈ ఆటలో రష్యా ఒక పక్షంగా లేదు. కందకం లేదు. జీరో అవర్ చివర్లో అమెరికా వెనక్కి తగ్గిపోయి యూరప్‌ను కాపాడే పెద్దన్నగా చైనా నిలబడుతుంది. 2022 నుంచి ఉక్రెయిన్‌లో జరుగుతున్నది చూస్తే రెండు దేశాల సైన్యాలు, మైళ్ల కొద్దీ కందకాలు, రాత్రింబవళ్లు ఫిరంగులు. అన్నిటికంటే ముఖ్యంగా డ్రోన్లు. ఆటలో డ్రోన్ అంటే యజమాని వెనకాల తిరిగే కుక్కపిల్ల. ట్యాంకు పోతే అదీ పోతుంది. ఒక సైనికుడు కళ్లజోడు పెట్టుకుని కూర్చుని, చవక డ్రోన్‌ను తీసుకెళ్లి ట్యాంకు నెత్తిన కొట్టడం వాళ్ల ఊహకే రాలేదు.

రేంజర్ రాణి

స్పై డ్రోన్, జీరో అవర్ సెంట్రీ డ్రోన్ విడిగానే పనిచేస్తాయి కదా చక్రవ్యూహం గారూ. సెంట్రీకి తుపాకీ కూడా బిగించొచ్చు, కదలకుండా కూర్చుంటే కనబడదు. కానీ మీరన్న ఆ దూసుకెళ్లి పేలే రకం లేదు, నిజమే. అది ఉంటే ఎవరికి ఇచ్చేవాళ్లో ఊహించడం కష్టం కాదు. జీఎల్‌ఏకే.

నిశాచరుడు

చైనా హ్యాకర్లను ఎవరూ తలచుకోలేదేంటి? నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి డబ్బు లాగుతూ ఉంటారు. సరుకు డిపోలు ఖాళీ అయిపోయాక చైనా బతికేదే వాళ్ల మీద. ఎదుటివాడి బిల్డింగ్‌ను పనిచేయకుండా ఆపేస్తారు కూడా. వాళ్ల హ్యాకర్ నాయిక బ్లాక్ లోటస్ అయితే ఏకంగా ఖజానా దోచేస్తుంది. అప్పట్లో దాన్ని జోకులా చూశాం.

నిర్వాహకుడు

చర్చ బాగుంది. ఇప్పుడు జరుగుతున్న యుద్ధాల్లో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న వాదనలు మాత్రం ఇక్కడ వద్దు. అలాంటి రెండు పోస్టులు తీసేశాను. ఆటకు, ఆయుధాలకు పరిమితం అవ్వండి.

కోడ్ పిల్లి

నేను ఇంకో వైపు నుంచి వస్తాను. 2025 ఫిబ్రవరి 27న ఆటను ప్రచురించిన ఈఏ వాళ్లు జనరల్స్, జీరో అవర్ సోర్స్ కోడ్‌ను, ఎవరైనా వాడి మార్చుకునేలా జీపీఎల్ 3 లైసెన్స్ కింద బయటపెట్టారు. బొమ్మలు, శబ్దాలు ఇవ్వలేదు, అవి కావాలంటే ఆట కొనుక్కోవాల్సిందే. కోడ్ కూడా విజువల్ సీ++ 6 కాలం నాటిది. వీడియో, సౌండ్ కోసం వాడిన బయటి లైబ్రరీలు ఇవ్వలేదు కాబట్టి, ఉన్నదున్నట్టు బిల్డ్ చేద్దామంటే కుదరదు. అయినా అభిమానులు దాన్ని కొత్త కంపైలర్ల మీదికి తెచ్చి, పాత బగ్‌లు ఒక్కోటీ దిద్దుతున్నారు.

చదివితే మజా ఉంటుంది. నెట్‌వర్క్ ఆట నడిచే తీరు చూడండి. ఎనిమిది మంది ఆడుతూ వందల యూనిట్లు కొట్టుకుంటున్నా, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి వెళ్లేది యూనిట్ల సమాచారం కాదు, మీరు ఇచ్చిన ఆజ్ఞలు మాత్రమే. 'ఈ ట్యాంకు అక్కడికి పో' అన్నది అందరికీ చేరుతుంది. తర్వాత ప్రతి కంప్యూటరూ అదే యుద్ధాన్ని తనంతట తాను లెక్కగడుతుంది. ఎవరి లెక్క ఒక్క పిసరు తేడా వచ్చినా ఆట అక్కడే ఆగిపోయి 'మిస్‌మ్యాచ్' అని పడుతుంది. మెల్లగా నడిచే కంప్యూటర్ ఒక్కటున్నా అందరి ఆటా మెల్లబడేది అందుకే, అందరూ దాని కోసం ఆగాలి. ఇంటర్నెట్ నత్తనడక నడిచే రోజుల్లో ఇంత పెద్ద యుద్ధాన్ని నడపడానికి అంతకంటే మంచి దారి లేదు.

కొత్త బంటు

ఓహో, ఆ మిస్‌మ్యాచ్ ఇదా! నా ఫ్రెండ్‌తో ఆడితే అరగంటకి అదే వస్తోంది. ఓడిపోతున్నప్పుడు వాడే ఏదో చేస్తున్నాడని గొడవ కూడా పడ్డాను. దీనికి మందు ఉందా?

కోడ్ పిల్లి

ముందు ఇద్దరి వెర్షన్ చూసుకోండి. జీరో అవర్ అయితే 1.04, మామూలు జనరల్స్ అయితే 1.08 ఉండాలి. ఇద్దరిలో ఎవరైనా మోడ్ (అభిమానులు చేసిన మార్పుల ప్యాక్) పెట్టి సరిగా తీయకపోతే, ఫోల్డర్‌లో పాత ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైళ్లు మిగిలిపోతాయి. ఆ ఫైల్లో ఒక ట్యాంకు బలం ఒక అంకె తేడా ఉన్నా రెండు కంప్యూటర్ల యుద్ధాలు వేరే దారులు పడతాయి. శుభ్రంగా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మేలు. అలాగే ఆన్‌లైన్ ఆటను నడిపిన గేమ్‌స్పై సర్వర్లు 2014లోనే మూతపడ్డాయి, కాబట్టి ఆటలోని పాత ఆన్‌లైన్ బటన్ నొక్కి కూర్చోకండి. అభిమానులు నడిపే సర్వర్లే గతి. జెన్‌టూల్ అనే అభిమానుల టూల్ కూడా వేసుకోండి, చాలామంది ఆడేది దాంతోనే.

చక్రవ్యూహం

ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ ఇదే తరహాలో వచ్చిన మిగతా ఆటల్ని మర్చిపోయారు. 2005 నాటి యాక్ట్ ఆఫ్ వార్‌లో గాయపడ్డ శత్రు సైనికుల్ని బందీలుగా పట్టుకుంటే డబ్బు వచ్చేది. అందుకే గెలిచిన చోట కూడా ఎవరిని ముందు ఎత్తుకెళ్లాలా అని పరుగు. 2008లో వచ్చిన ఎండ్‌వార్ కథ 2020లో జరుగుతుంది. దాన్ని మైకులో మాట్లాడుతూ ఆడొచ్చు, యూనిట్లు నోటి మాట వింటాయి. ఆ ఆలోచన గొప్పదే గానీ యుద్ధం మధ్యలో అరుస్తుంటే ఆట కంటే గొంతు ముందు అలసిపోతుంది. 2025లో వచ్చిన బ్రోకెన్ యారోలో డ్రోన్లు, ఎలక్ట్రానిక్ జామింగ్ అన్నీ ఉన్నాయి, కానీ బేస్ కట్టడం ఉండదు.

జనరల్స్ 2 సంగతి తెలిసిందే. 2011 డిసెంబరులో ప్రకటించారు, మధ్యలో దాన్ని ఉచిత ఆన్‌లైన్ ఆటగా మార్చారు, 2013 అక్టోబరులో రద్దు చేశారు.

రేంజర్ రాణి

ఆ మిగతావాటిలో పక్షాలన్నీ బొమ్మలు మార్చిన ఒకే సైన్యంలా ఉంటాయి, నాకు నచ్చనిది అదే. జనరల్స్‌లో డబ్బు సంపాదించే పద్ధతి దగ్గరే తేడా మొదలవుతుంది. అమెరికాకి చినూక్ హెలికాప్టర్, చైనాకి ట్రక్కు, జీఎల్‌ఏకి భుజాన మోసుకొచ్చే మనిషి. చినూక్ నది దాటుతుంది కానీ ఒక్క స్టింగర్ చాలు దానికి. వర్కర్ చచ్చినా ఎవరికీ పట్టదు, ఇంకొకడు వస్తాడు. పాపం, చెప్పులు కావాలని వాడే అడుగుతాడు, నిజంగానే బ్లాక్ మార్కెట్ అనే బిల్డింగ్ దాకా వెళ్లాక చెప్పుల అప్‌గ్రేడ్ ఉంటుంది, అప్పుడు కాస్త వేగంగా నడుస్తాడు.

బ్యాలెన్స్ పాడైంది మాత్రం జీరో అవర్‌లోనే. ఒక్కొక్కరికి వేరే బలాలున్న తొమ్మిది మంది సేనాధిపతుల్ని (జనరల్స్‌ను) పెట్టారు, ఇద్దరు ముగ్గురిని సరిగా తూచలేదు. ఎయిర్ ఫోర్స్ జనరల్ గ్రేంజర్ కింగ్ రాప్టర్ విమానాలకి పాయింట్ డిఫెన్స్ లేజర్ ఇచ్చారు, స్టింగర్ మిసైళ్లు వాటి దగ్గరికే వెళ్లవు. సూపర్‌వెపన్ జనరల్ అలెగ్జాండర్‌కి పార్టికల్ క్యానన్ అనే సూపర్‌వెపన్ సగం ధరకే. ఆవిడతో ఆడదామంటే నేను లాబీలోంచి లేచిపోతాను.

సొరంగం సుబ్బు

గ్రేంజర్ మీద రాణి గారి మాటకి నా ఓటు. కానీ జీఎల్‌ఏకి విమానాల్ని కొట్టే క్వాడ్ క్యానన్ బండి ఉంది కదా, దాని తూటాల్ని లేజర్ ఆపలేదు. తుక్కు తినిపించిన క్వాడ్లు నాలుగు దొరికితే కింగ్ రాప్టర్లు కూడా రాలతాయి. ఎవరూ అంత ఓపిక పట్టరు, స్టింగర్లు కట్టుకుంటూ పోయి తర్వాత ఏడుస్తారు.

కొత్త బంటు

రాణి అక్కా, మీరు చెప్పినట్టే చేశాను. టోర్నమెంట్ డెజర్ట్ మ్యాప్, ఎదురుగా హార్డ్ కంప్యూటర్, జీఎల్‌ఏ. నాలుగు హమ్వీలు, ఒకదానికి స్కౌట్ డ్రోన్. దారిలో రెండు డెమో ట్రాప్‌లు కనబడ్డాయి, దూరం నుంచే పేల్చేశాను. ఆర్‌పీజీ గుంపు వస్తే వెనక్కి జరుగుతూ కొట్టాను, ఒక్క బండి పోయింది. బేస్ మొత్తం కూల్చాను, గుంతలు కూడా వదల్లేదు. అయినా గెలిచినట్టు రాలేదు! మ్యాప్ అంతా వెతికితే ఓ మూల కొండ పక్కన ఒంటరిగా ఒక సొరంగం ఉంది. దాన్ని కొట్టడం మొదలుపెట్టగానే లోపలి నుంచి పది మంది ఒకేసారి బయటపడ్డారు. రెండు హమ్వీలు అక్కడే పోయాయి, చివరికి గెలిచాను.

సొరంగం సుబ్బు

కంప్యూటర్ కాబట్టి ఆ సొరంగాన్ని మూలన పెట్టింది తమ్ముడూ. నేనైతే నీ సప్లై డిపో వెనకాల పెట్టేవాడిని. ఈ వారం ఒక ఆట వేసుకుందామా?

రేంజర్ రాణి

బంటూ, ఒప్పుకోండి. నేను చూస్తాను. సూపర్‌వెపన్ల పరిమితి ఆన్‌లో పెట్టమనండి. చినూక్‌లు దిగే చోట ఒక రేంజర్‌ని, ఒక స్కౌట్ డ్రోన్ ఉన్న హమ్వీని ఆట మొదటి నుంచీ వదిలిపెట్టండి.

కోడ్ పిల్లి

ఆడేముందు ఇద్దరూ వెర్షన్ నంబర్ ఇక్కడ పెట్టండి. మధ్యలో మిస్‌మ్యాచ్ వస్తే రీప్లే ఫైల్ చెరిపేయకండి, నాకు పంపండి.